కరెంటు మోటారు, పల్లకి మాన్యం

“టెక్కలి కచేరీకి పోయి రావడం వేరు, వజ్రపుకొత్తూరు పోయి రావడం వేరురా కూర్మం. నడిదారిలో చతికిలబడితే నీ మోటారుకి గడ్డి వేస్తావా, గుగ్గిళ్లు పెడతావా?”

“చతికిలబడదు మావయ్యా.”

“నువ్వు చెప్పకు. పరీక్ష తప్పనని కూడా ఇలాగే చెప్పావు.”

“తప్పలేదు. రాయలేదు.”

“అదొక ఘనత మళ్లీ.”

గోడకు ఇవతల మోటారు కొట్టంలో ఉన్న సన్యాసి నవ్వు ఆపుకున్నాడు. పక్కనున్న బియ్యం మిల్లులో నూనె ఇంజను అప్పుడే ఆపారు. అది ఆడుతున్నంతసేపూ చెవిలో అరిచినా వినపడదు. ఆగితే మాత్రం కచేరీ వసారాలో చీమ దగ్గినా ఇటు వినిపిస్తుంది. అరుచుకుంటున్నది దివాను పట్టాభిరామయ్య, ఆయన మేనల్లుడు కూర్మనాథం. పర్లాకిమిడిలో కాలేజీ చదువు మధ్యలో పారేసి వచ్చి, మేనమామ ఇంట తిని తిరుగుతున్న కూర్మనాథానికి దొర తన మోటారు నడిపే పని అప్పజెప్పాడు. దొరది నందిగాం పక్కన చిన్న జమీ. దొరకి ఏనుగు లేదు, గుర్రపుసాల కూలిపోయింది. కానీ కలకత్తా విడిచిపోతూ ఎవరో తెల్లదొర అమ్మేసుకున్న కరెంటు మోటారు ఉంది. పెట్రోలు అక్కర్లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. రాత్రి మిల్లు ఇంజనుతో కరెంటు పట్టిస్తే పొద్దున్న నడుస్తుంది. ఆ పట్టించే పని సన్యాసిది.

“పల్లకిలో పోతే రెండు రోజులు,” కూర్మనాథం అంటున్నాడు. “మజిలీ మజిలీకి మనుషులు కాచుకుని ఉండాలి. వాళ్లకి తిండి, కల్లు, మధ్యలో దెబ్బలాటలు. మోటారైతే పొద్దున్న బయల్దేరి పొద్దుగూకేలోగా ఇంటి దగ్గర ఉంటాం. దొరగారు కూడా సరదాపడుతున్నారు.”

పట్టాభిరామయ్య పొడుం పీల్చిన చప్పుడు వినిపించింది. తరవాత ఆయన గొంతు మారింది.

“నిజంగా పోయి రాగలదా?”

“రాగలదు.”

“అయితే తీసుకుపో. కొబ్బరి తోటల వేలంపాటకి దొరగారిని మోటారులో తీసుకుపోయి, ఆ రోజే వెనక్కి తీసుకురా. మర్నాడే బోయీల పల్లకి మాన్యాలు లాగేస్తాను. మోసే పని లేనప్పుడు మోసేవాడికి భూమి ఎందుకు?”

“నేను ఆ మాట అనలేదు మావయ్యా.”

“నువ్వు అనక్కర్లేదు. నీ మోటారు అంటోంది.”

సన్యాసి చేతిలోని తీగ జారి రెండు బేటరీ జాడీల మీద పడింది. నీలంగా నిప్పు చిట్లి అరచెయ్యి కాలింది. కాలిన చేతిని తొడకింద పెట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ అలాగే కూర్చుండిపోయాడు.

పల్లకి మాన్యమంటే ఆ ఊరి బోయీలకు ఉన్న ఏకైక ఆస్తి. దొరల పల్లకి మోసినన్నాళ్లు గెడ్డ నీళ్లు పారే చోట ఒక్కో ఇంటికి ఒక్కో మడిచెక్క. పన్ను లేదు. మోత ఆగిన రోజు ఆ చెక్క కచేరీ పాలవుతుంది. సన్యాసికీ ఒక చెక్క ఉంది. దాంట్లో పండిన గింజలే అతనూ, పెళ్లాం నూకరత్నమూ ఏడాదంతా తినేది.

బోయీ పిల్లాడికి మీసం కంటే ముందు భుజం మీద కాయ మొలుస్తుంది. సన్యాసికి పన్నెండో ఏడు దాటకుండానే మొలిచింది. తండ్రి పోతే ఆ చోట కర్ర కింద నిలబడ్డాడు. మనిషి పొట్టి, మెడ లేదు, మాట పెడసరం. ఒకసారి మజిలీ దగ్గర కల్లు తాగిన బోయీ ఒకడు తన కర్రపక్క తడబడితే, నడుస్తూనే వెనక్కి తిరిగి వాడి ముక్కు పగలగొట్టి, అడుగు తప్పకుండా మళ్లీ ముందుకు నడిచాడట. ఆ ముక్కు పగిలినవాడు నూకరత్నం తమ్ముడు దాలయ్య. తరవాత ఏడాదికి అతనే అక్కని తెచ్చి సన్యాసికి కట్టబెట్టాడు.

వాళ్లకో కట్టుబాటు ఉంది. మజిలీకీ మజిలీకీ మధ్య పల్లకి కర్ర నేల తాకకూడదు. ఒక జట్టు భుజం మీంచి ఇంకో జట్టు భుజం మీదికి మారాలి. తాకితే ఆ జట్టు మాన్యం పోయినట్టే. వానాకాలం ఒకనాడు పలాస దగ్గర వరహాల గెడ్డ దాటుతుంటే ముందున్నవాడు జారాడు. బరువంతా సన్యాసి కుడి మెడ ఎముక మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పల్లకిలో దొరకి కూడా వినిపించింది. సన్యాసి దించలేదు. ఒడ్డు ఎక్కి, అవతలి మజిలీ జట్టు భుజం పెట్టేదాకా మోశాడు. దొర దిగి, కుదుపుకి తన తల పల్లకి కమ్మీకి తగిలిందని వెండి పొన్ను చేతికర్రతో అతని వీపు చీరేశాడు. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. ఇక కర్ర నిలవలేదు. దాలయ్య తన వంతూ, బావ వంతూ కలిపి మోస్తానని కచేరీలో ఒప్పుకుంటే మడిచెక్క మిగిలింది. చేతికి పనిలేని సన్యాసిని మోటారు కొట్టంలో పడేశారు.

కూర్మనాథం అతనికి రెండే ముక్కలు నేర్పాడు. ఒకటి ముల్లు. మోటారు ముందు అద్దం కింద గడియారంలాంటిది ఉంది. బేటరీ నిండితే దాని ముల్లు పైకి లేస్తుంది, ఖర్చయిన కొద్దీ వాలుతుంది. రెండోది నీళ్లు. సీటు కింద నల్ల జాడీల్లో ద్రావకం ఉంటుంది. ఎండకి అది ఇగిరితే నీళ్లు పొయ్యాలి. “నుయ్యి నీళ్లు వద్దు, చెరువు నీళ్లు వద్దు. శుద్ధమైన నీళ్లు కావాలి. నేల తాకని నీళ్లు,” అన్నాడు. అందుకని వానాకాలంలో కచేరీ చూరు కింద గుడ్డలు కట్టి, పింగాణీ జాడీల్లోకి వాననీళ్లు పట్టి దాచారు. ద్రావకం చుక్కలు పడి సన్యాసి పంచెలన్నీ జల్లెళ్లయ్యాయి. వేళ్ల మీద చర్మం లేచిపోయింది. అయినా ఆ మోటారంటే అతనికి కోపం లేదు. రోజువారీ పనికి అది బంగారమే. టెక్కలిలో తాలూకా దొర పెట్రోలు మోటారు వస్తే ఎడ్లు తాళ్లు తెంపుకునేవి, చంటిపిల్లలు గుక్కపట్టేవారు. ఇది పాములా జారిపోయేది. దొర కచేరీ పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాడు. కాకపోతే టెక్కలి పోయి వచ్చేసరికే ముల్లు సగానికి దిగేది. సన్యాసి అది రోజూ చూసేవాడు. కూర్మనాథమూ చూసేవాడు గానీ ఆ సంగతి ఎవరితోనూ అనేవాడు కాదు.

కాలిన చేతికి ఆముదం రాసుకుని ఆ సాయంత్రం సన్యాసి ఇంటికి పోయేసరికి దాలయ్య గుమ్మంలో కూర్చుని గంజి తాగుతున్నాడు.

“ఒరే దాలిగా, మోటారు గానీ వజ్రపుకొత్తూరు పోయొచ్చిందంటే మన మడిసెక్కలు పోతాయిరా.”

“ఎవుడన్నాడు?”

“దివాను పంతులు. నా సెవులారా ఇన్నాను.”

దాలయ్య గంజి ముంత కింద పెట్టాడు. “అయితే పోనియ్యకు. కొట్టం తాళం నీ దగ్గిరే కదేటి. ఒక్క గునపంపోటు సాలు.”

“నాను పొడవను.”

“ఎందుకు పొడవవు? అది నీకేటి, రెండో పెళ్లామా?”

“పొడిత్తే ఎవుడు పొడిసినాడని అడగరేటి? రేప్పొద్దుటికి మన ఇళ్లు బూడిదవుతాయి. ఆల్లు కొత్త మోటారు కొనుక్కుంటారు. నువ్వు కొత్త ఇల్లు కొంటావేటి?”

“నువ్వు ఆ కొట్టంలో నీడపట్టున కూకున్నావు బావా. మోసేవోడిని నాను. నా భుజం మీద నీ మడిసెక్క కూడా ఉంది.”

“ఉంది. అందుకే సెప్తన్నాను. టెక్కలి పోయొత్తేనే దాని ఊపిరి సగం అయిపోతంది. సముద్రం పక్క ఉద్దానం ఇసకలో అది ఈదలేదు. మనం ముట్టుకోవొద్దు. ఇసకే సూసుకుంటాది.”

“ఈదకపోతే సరే. ఈదితే?”

సన్యాసి కాలిన అరచెయ్యి ఊదుకున్నాడు. దాలయ్య లేచి అతని చెంప మీద కొట్టాడు. చేత్తో కాదు, గంజి ముంతతో. ముంత పగిలింది, చెంపా చీలింది. సన్యాసి అతని జుట్టు పట్టుకుని తల దడికేసి మోదాడు. దడి వాలిపోయింది. ఇద్దరూ కోడిగూడు మీద పడి దొర్లారు. లోపల్నుంచి నూకరత్నం రోకలి పట్టుకొచ్చింది.

“ఎవుడు ముందు సత్తాడో సెప్పండి. ఆడికోసం ముందు ఏడుత్తాను. ఇద్దరికీ ఒక్కపాలి ఏడవడం నావల్ల కాదు.”

దాలయ్య నోట్లో నెత్తురు ఉమ్మి, “నీ మొగుడు మోటారుకి పుట్టినాడే అప్పా,” అని వెళ్లిపోయాడు. సన్యాసి చెంప పట్టుకుని కోడిపిల్లల్ని ఏరుతూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి కొట్టం ముందే పడుకున్నాడు. మోటారుని దాలయ్య నుంచి కాపాడటానికా, దాలయ్యని దొర పైకుల కర్రల నుంచి కాపాడటానికా అని నూకరత్నం అడిగితే, “నోరు మూసుకో,” అన్నాడు.

ప్రమాదీచ నామ సంవత్సరం వైశాఖంలో, ఎండలు నెత్తి మాడుస్తున్న రోజుల్లో, దొర బయల్దేరాడు. ముందు కూర్మనాథం, వెనక గొడుగు కింద దొర, వెనక మెట్టు మీద వాననీళ్ల బిందెతో సన్యాసి. దొర పైకులిద్దరు, అంటే జమీ పనులు కర్రతో చేయించే మనుషులు, గుర్రాల మీద వెంట వచ్చారు. వాళ్లలో పెద్దవాడు లింగరాజు. వాడి కొరడా కొబ్బరిపీచు తాడుతో పేనింది. తడిపి కొడతాడు.

పెద్ద రోడ్డు మీద మోటారు నీటి మీద ఆకులా పోయింది. గుర్రాలు వెనకబడ్డాయి. కాశీబుగ్గలో సంతకి వచ్చిన జనం దారి ఇచ్చి చేతులు జోడించారు. ముల్లు సగానికి కూడా దిగలేదు. “చూశావా సన్యాసీ,” అని కూర్మనాథం వెనక్కి తిరిగి నవ్వాడు. సన్యాసి చూశాడు. సంత దాటేసరికి మడిచెక్క పోయినట్టేనని అతను లెక్కకట్టాడు. తన మాట తప్పు, దాలిగాడి గునపమే ఒప్పు అనిపించింది.

పలాస దాటి సముద్రం వైపు మళ్లాక ఎర్రమట్టి వచ్చింది. మట్టి పోయి ఇసక వచ్చింది. అక్కడ బోయీలు నిలబడి ఉన్నారు. దివాను ముందురోజే వాళ్లని పంపించాడు. మొయ్యడానికి కాదు. చక్రాల కింద కొబ్బరి మట్టలు పరవడానికి. మోటారు మట్టల మీద నాలుగు బారలు పోతుంది. వెనక మట్టలు పీకి, పరిగెత్తి, ముందు వెయ్యాలి. మళ్లీ నాలుగు బారలు. తమ భూమి తినడానికి వచ్చినదానికి తామే దారి పరుస్తున్నామని అక్కడ అందరికీ తెలుసు. దాలయ్య సన్యాసి మొహం చూడలేదు. మట్ట విసిరినప్పుడల్లా సన్యాసి కాళ్లకి తగిలేలా విసిరాడు.

ఎండ ఎక్కింది. మట్టలు నలిగి పీచయ్యాయి. చక్రాలు వాటిని తొక్కి ఇసకలోకి దిగబడుతున్నాయి. లింగరాజు గుర్రం దిగి కొరడా తీశాడు. మట్ట ఆలస్యమైతే ఒక దెబ్బ. మోటారు దిగబడితే అందరికీ తలో దెబ్బ. వీపుల మీద చెమటా నెత్తురూ కలిసి కారుతుంటే ఇసక అంటుకుని, మనుషులు పిండిబొమ్మల్లా అయ్యారు. దొర గొడుగు కింద నుంచి, “అబ్బే, పల్లకిలో ఇంత కుదుపు ఉండదే,” అన్నాడు.

ఇప్పుడు ముల్లు దిగుతోంది. టెక్కలి దారిలో దిగినట్టు కాదు, నూతిలో చేద దిగినట్టు. కూర్మనాథం కళ్లు దాని మీంచి కదలడం లేదు. దొర ఏదో అడిగితే ఊఁ కొట్టి ఊరుకున్నాడు. వజ్రపుకొత్తూరు తోటలు కనుచూపు మేరలో కనిపిస్తుండగా ముల్లు అడుక్కి పడింది. మోటారు ఒకసారి మూలిగి ఆగింది. సన్యాసి వెనక మెట్టు మీంచి వంగి చూశాడు. కూర్మనాథం గడియారం అద్దాన్ని వేలితో రెండుసార్లు కొట్టాడు. ముల్లు లేవలేదు.

“అయిపోయింది,” అన్నాడు తనలో తాను.

“ఏమిటి అయిపోయింది?” అన్నాడు దొర.

కూర్మనాథం మెడ వెనకభాగం ఎర్రబడింది. “ఏం లేదండి. ఎండకి బేటరీలో నీళ్లు తగ్గాయి. నీళ్లు పోస్తే కదులుతుంది.”

ఇసక తన పని చేసేసింది. సన్యాసికి మడిచెక్క మళ్లీ దక్కినట్టే. అతను ఏమీ అనకుండా నిలబడి ఉంటే అక్కడితో సరిపోయేది. కానీ లింగరాజు ఆగలేదు. మోటారు ఆగిందంటే తొయ్యనివాడి తప్పే అని వాడి లెక్క. దాలయ్యని ఒక్కడినే పట్టుకుని మొదలుపెట్టాడు. తడి కొరడా మెడకి చుట్టుకుని, లాగినప్పుడల్లా తోలు ఊడి వస్తోంది. దాలయ్య బోర్లాపడ్డాడు. లేపడానికి వచ్చిన బోయీని రెండో పైకు తన్నితే, వాడు వెల్లకిలా వెళ్లి వాననీళ్ల బిందె మీద పడ్డాడు. బిందె దొర్లి నీళ్లన్నీ ఇసక తాగేసింది.

“కదలకపోతే వీడి తల చక్రం కింద పెట్టి తొక్కిస్తాను,” అన్నాడు లింగరాజు. దాలయ్య జుట్టు పట్టుకుని ముందు చక్రం దగ్గరికి ఈడుస్తున్నాడు.

“నీళ్లు,” అన్నాడు కూర్మనాథం, ఎటూ చూడకుండా. “ఎవరైనా శుద్ధమైన నీళ్లు పట్రండి.”

అక్కడ ఉన్నది ఒక్క నుయ్యి. దాంట్లోవి ఉప్పు నీళ్లు. సన్యాసికి ఆ క్షణాన మడిచెక్క గుర్తు లేదు. మోటారు కదిలితే కొరడా ఆగుతుంది. అంతే తెలుసు. నేల తాకని నీళ్లు కావాలి. తలెత్తాడు. ఉద్దానంలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. చంటిపిల్లకి జ్వరమొస్తే అవే నీళ్లు, దేవుడికి అభిషేకానికి అవే నీళ్లు, చచ్చేవాడి నోట్లో పోసేదీ అవే. నుయ్యి చూడనివి, చెరువు తాకనివి, చెట్టు పైన కట్టుకట్టి దాచుకున్నవి. అంతకంటే శుద్ధమైనవి భూమ్మీద ఉంటే అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక బోయీని చెట్టెక్కించి లేత బొండాలు దింపించాడు. కత్తి ఒకటే ఉంది. చకచకా కొట్టి, తలగుడ్డలో వడకట్టి, సీటు పలక ఎత్తి ఒక్కో జాడీలో ఒక్కో బొండం ఒంపాడు. కూర్మనాథం ముల్లుకేసి చూస్తూ అలాగే కూర్చున్నాడు. తల తిప్పి ఉంటే చూసేవాడే.

“పోసేశాను బాబూ. ఒక్కపాలి సూడండి.”

కూర్మనాథం మీట లాగాడు. చక్రం ఒక్క జానెడు కదిలి నిలిచిపోయింది. జాడీల మూతుల్లోంచి నురుగు పొంగింది. తెల్లగా మొదలై గోధుమరంగుకి తిరిగి, పులిసిన కల్లు వాసన వేస్తూ సీటు తడిపి దొర పట్టుపంచె అంచుని పట్టుకుంది. ద్రావకం తగిలిన చోట పట్టు కరిగిపోయింది. దొర ఎగిరి దూకాడు.

“ఏం పోశారిందులో?” కూర్మనాథం గొంతు కీచుమంది. వంగి వాసన చూశాడు. పక్కనున్న బొండాలు చూశాడు. “కొబ్బరినీళ్లా? బేటరీ నాశనం చేశారండి. ఎవరో కావాలని చేశారు.”

కావాలని అన్న ముక్క లింగరాజుకి చాలు. “ఈడేనండి,” అని దాలయ్య పక్కటెముకల్లో కర్రతో పొడిచాడు. “గునపం ఏసి పొడుత్తానని ఊరంతా వాగినోడు ఈడే.”

“ఆడు కాదు,” అన్నాడు సన్యాసి. “పోసింది నాను.”

దొర తిరిగి చూశాడు. “నువ్వా?”

“నానే. నేల తాకని నీళ్లు అన్నారు. అంతకంటే శుద్ధమైన నీళ్లు నాకు తెలవవు దొరా.”

“ఎందుకు పోశావు?”

“మా బావమరిదిని సంపేత్తన్నారని పోసినాను.”

దొర చేతికర్ర మొహం మీద పడింది. వెండి పొన్ను తగిలి కనుబొమ్మ చీలింది. తరవాత లింగరాజు అందుకున్నాడు. కర్ర రెండు చేతులా ఎత్తి ఎడమ భుజం మీద దించాడు. మంచి ఎముక అదొక్కటే మిగిలింది. విరిగింది. సన్యాసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండో పైకు వెనక నుంచి నడ్డిమీద తన్నాడు. ఇసక నోట్లోకి పోయింది. ఊపిరి తీసుకోబోతే ఇసకే వచ్చింది. లింగరాజు మళ్లీ కర్ర ఎత్తాడు, ఈసారి తలకి.

ఆ కర్ర దిగలేదు. చక్రం దగ్గర పడి ఉన్న దాలయ్య పచ్చి కొబ్బరి మట్ట మొదలు పట్టుకుని, పడుకునే తిప్పి కొట్టాడు. లింగరాజు మణికట్టు పటుక్కుమంది. కర్ర ఎగిరిపడింది. దాన్ని ఇంకో బోయీ అందుకున్నాడు. రెండో పైకు గుర్రం వైపు పరిగెత్తబోతే నలుగురు మీద పడ్డారు. మట్టలు, పిడికిళ్లు, మోకాళ్లు. వాడి దవడ ఒరిగిపోయి మాట గురగురమంది. లింగరాజు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, “ఓలమ్మా” అంటూ ఇసకలో తిరగసాగాడు. దాలయ్య లేచాడు. వీపు మీద చర్మం లేదు. చేతిలో మట్ట ఉంది. దొరకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

దొర చుట్టూ చూశాడు. గుర్రాలు బెదిరి తోటల్లోకి పోయాయి. మోటారు చచ్చింది. ఇసకలో తన కాలి చెప్పు ఒకటి ఊడి ఎక్కడో పడింది. ఇంటికి చేరాలంటే ఈ భుజాలు తప్ప దిక్కులేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, దాలయ్యకీ తెలుసు.

“చాలు,” అన్నాడు దొర.

“మా బావని ఇంకో దెబ్బ కొడితే సాలదు,” అన్నాడు దాలయ్య.

“చాలన్నాను కదా. ఇక్కడ జరిగింది ఇక్కడే ఉంటుంది. ఎవడి ఇల్లూ కాలదు. నన్ను పలాస చేర్చండి.”

“మాన్యాల మాటేటి దొరా?”

“అది దివాను చూసుకుంటాడు. మోటారు దానంతట అదే ఆగిందో, మీరు ఆపారో కూర్మనాథాన్ని అడిగి తేలుస్తాడు.”

దాలయ్య మట్ట కింద పారేశాడు. బోయీలు దగ్గరి గుడిసె నుంచి నులకమంచం తెచ్చి, తిరగేసి, కాళ్లకి తాళ్లు కట్టి, రెండు సరుగుడు వాసాలు దూర్చారు. దొర ఎక్కి కూర్చున్నాడు. నెత్తురోడుతున్న వీపులతో, మోత పాట లేకుండా, భుజం మార్చుకుంటూ ఇసకలో వెళ్లిపోయారు. పైకులిద్దరూ వెనక కుంటుకుంటూ నడిచారు. పలాసలో దొరని దించి, తిరిగి అదే మంచం మీద సన్యాసిని తీసుకుపోతామని దాలయ్య చెప్పి వెళ్లాడు. మోటారు వదిలి రావద్దని దొర అంటే కూర్మనాథం ఉండిపోయాడు.

పొద్దు తోటల వెనక్కి వాలింది. మోటారు నీడలో సన్యాసి వెల్లకిలా పడుకున్నాడు. రెండు చేతులూ పక్కన పడి ఉన్నాయి. ఎడమది అసలు లేవడం లేదు. కూర్మనాథం తన ఉత్తరీయం చింపి కనుబొమ్మకి కట్టాడు. కట్టడం రాక మూడుసార్లు విప్పాడు.

“నొప్పిగా ఉందా?”

“లేదు బాబూ, సరసంగా ఉంది.”

కూర్మనాథం లేచి సీటు పలక ఎత్తి జాడీలు చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇసకలో వేలితో గీతలు గీశాడు.

“కలకత్తా నుంచి కొత్త జాడీలు తెప్పించవచ్చు,” అన్నాడు. అది సన్యాసితో అన్నట్టు లేదు. “మావయ్యకి చెబుతాను. కొబ్బరినీళ్లు పొయ్యకపోతే ఆగేది కాదని. పల్లెటూరివాడు, తెలియక పోశాడని. నీ మీద కోపం పెట్టుకోరులే. కొత్త జాడీలు వస్తే వచ్చే ఏడు మళ్లీ తీసుకొస్తాను. ఈసారి నీళ్లు నేనే పోస్తాను.”

సన్యాసి నోట్లో ఇసకా నెత్తురూ పక్కకి ఉమ్మాడు.

“బండి మంచిదేరా,” అన్నాడు కూర్మనాథం. “నువ్వే చూశావు. కాశీబుగ్గ దాకా ఎలా వచ్చిందో.”

“సూసినాను బాబూ. టెక్కలికైతే దాన్ని మించిన బండి లేదు.”

“మరి?”

“ఇది టెక్కలి కాదు కదా.”

కూర్మనాథం వేలు ఇసకలో ఆగింది. దూరంగా సముద్రం చప్పుడు చేస్తోంది. అతనికి ఏం గుర్తొస్తోందో మొహం మీద కనిపిస్తోంది. వసారాలో మేనమామ పొడుం డబ్బా, ఆ పరీక్ష మాట, మళ్లీ ఓడివచ్చాడన్న నవ్వు.

సన్యాసి మెడ తిప్పబోయాడు. విరిగిన ఎముక తిప్పనివ్వలేదు. ఆకాశంకేసి చూస్తూనే అన్నాడు.

“బాబూ, తమరిని ఒకటి అడుగుతాను. నా సేతులు జోడించలేను, తప్పు పట్టుకోకండి.”

“ఏమిటి?”

“కొబ్బరినీళ్లు పోసింది నానే. అది సెప్పండి, నాకేటీ బాధ లేదు. దెబ్బలు తినేసినాను, ఇంకో నాలుగు పడినా ఈ ఒంట్లో సోటు లేదు. కానీ నాను పొయ్యకముందే ఆ ముల్లు అడుక్కి పడిపోయింది. తమరు ఏలితో కొట్టి సూసినారు. అయిపోయింది అన్నారు. నాను ఎనక నుంచి ఇన్నాను. నా మాట కచేరీలో ఎవుడూ ఇనడు. ఆ ఒక్క మాట, దివాను పంతులు అడిగినప్పుడు, తమరి నోటితో సెప్పండి బాబూ.”